పన్ను పనికి దగ్గర్లో నమ్మకమైన ఆడిటర్‌ని వెతుక్కోవడం ఎలా? మొదటి నుంచి చివరిదాకా

రిటర్న్, అంటే మీ ఆదాయం, పన్ను లెక్కతో ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే పత్రం, ఎవరు తయారుచేసినా, ఎవరి కంప్యూటర్‌లోంచి వెళ్లినా, అది మీ రిటర్నే. అందులో కట్టని అద్దె రాసినా, ఇవ్వని విరాళం చూపించినా నోటీసు మీ పేరు మీదే వస్తుంది. "నాకు తెలీదండీ, అంతా ఆడిటర్ గారే చూసుకున్నారు" అంటే ఆదాయపు పన్ను శాఖ వినదు. పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ కట్టాల్సింది మీరే. ఆదాయాన్ని కావాలని తప్పుగా చూపించారని తేలితే, తగ్గించి కట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా పడుతుంది.

2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. దొంగ మినహాయింపులు చూపించి రిఫండ్లు తెప్పిస్తున్న ఏజెంట్ల మీద, రిటర్న్‌లు తయారుచేసేవాళ్ల మీద జరిగిన తనిఖీలు అవి. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్న్‌లు సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖ ప్రకటించింది. అదే ప్రకటనలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన మాట ఇంకోటుంది. కొందరు ఏజెంట్లు పెద్దఎత్తున ఫైలింగ్ చేయడం కోసమే తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి, పని అయ్యాక వదిలేశారట. నోటీసులు ఆ మెయిళ్లకే వెళ్లాయి, తెరిచి చూసినవాళ్లు లేరు.

అందుకే నా దృష్టిలో మంచి ఆడిటర్ అంటే లెక్క మీకు చూపించే మనిషి, మీ తాళాలు, అంటే పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, మీ దగ్గరే ఉంచే మనిషి. అనుభవం, ఫీజు, ఆఫీసు దగ్గరా దూరమా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

1. ముందు మీకు ఎవరు కావాలో తేల్చుకోండి

ఒకే చోట ఉద్యోగం, జీతం, బ్యాంకు వడ్డీ, ఇంతే ఆదాయమైతే మీకు అసలు ఎవరూ అక్కర్లేకపోవచ్చు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో జీతం, టీడీఎస్ (మీకు డబ్బిచ్చేవాళ్లు ముందే కోసుకునే పన్ను), వడ్డీ వివరాలు చాలావరకు ముందే నింపి ఉంటాయి. ఓ సాయంత్రం ప్రశాంతంగా కూర్చుంటే మీరే ఫైల్ చేసుకోవచ్చు. మొదటి ఏడాది ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుంటే మరుసటి ఏడాది నుంచి టెన్షన్ ఉండదు.

వ్యాపారం ఉన్నా, షేర్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేస్తున్నా, స్థలమో ఇల్లో అమ్మినా, విదేశాల్లో ఆదాయమో ఆస్తో ఉన్నా, శాఖ నుంచి నోటీసు వచ్చినా మాత్రం ఈ పని బాగా తెలిసినవాళ్ల సాయం తీసుకోవాల్సిందే.

మన దగ్గర పన్ను పని చేసే ప్రతివాళ్లనీ ఆడిటర్ గారనే పిలుస్తాం. కానీ ఆ బోర్డుల వెనకాల ఉండేవాళ్ల అర్హతలు వేరు వేరు. చార్టర్డ్ అకౌంటెంట్, అంటే సీఏ, 1949 నాటి చట్టం కింద ఏర్పడిన ఐసీఏఐ అనే సంస్థలో సభ్యుడై ఉండాలి. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం ప్రాక్టీసులో ఉన్న సీఏకే ఉంది. వ్యాపారం టర్నోవర్ కోటి రూపాయలు దాటితే ఆ ఆడిట్ అవసరమవుతుంది. నగదు వసూళ్లు, నగదు చెల్లింపులు ఒక్కోటీ మొత్తంలో 5 శాతం మించకపోతే ఆ పరిమితి 10 కోట్లు. డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టుల్లాంటి వృత్తుల వాళ్లకు 50 లక్షలు. అంచనా ఆదాయం పద్ధతిలో వెళ్లేవాళ్లకు లెక్క కొంచెం వేరుగా ఉంటుంది, అది మీ ఆడిటర్‌ని అడిగి తెలుసుకోండి.

పన్ను కేసులు చూసే అడ్వకేట్లు, కాస్ట్ అకౌంటెంట్లు కూడా అధికారుల ముందు మీ తరఫున హాజరుకాగలరు. జీఎస్టీ ప్రాక్టీషనర్లు జీఎస్టీ పోర్టల్‌లో నమోదై రిటర్న్‌లు వేస్తారు. ఇక ట్యాక్స్ కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఏ లైసెన్సూ అక్కర్లేదు. అలా బోర్డు పెట్టుకున్నవాళ్లలో ఇరవై ఏళ్లుగా నిజాయితీగా పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు, సీజన్‌కి దుకాణం తెరిచి మూసేసేవాళ్లూ ఉన్నారు. చిన్న కొట్టుకి నెలనెలా జీఎస్టీ వేయడానికి మంచి కన్సల్టెంట్ చాలు. నోటీసు, ఆడిట్, ఆస్తి అమ్మకం, విదేశీ ఆదాయం అంటే మాత్రం సీఏ దగ్గరికో, పన్నుల అడ్వకేట్ దగ్గరికో వెళ్లమంటాను. అక్కడ ఫీజు దగ్గర పొదుపు చేయడం మంచిది కాదు.

2. పేర్లు ఎక్కడ దొరుకుతాయి, ఎప్పుడు వెతకాలి

మీలాంటి ఆదాయమే ఉన్నవాళ్లను అడగండి. మెడికల్ షాపు నడిపేవాళ్లు ఇంకో మెడికల్ షాపు వాళ్లను, కాంట్రాక్టు పనులు చేసేవాళ్లు ఇంకో కాంట్రాక్టర్‌ని అడిగితే ఉపయోగం. జీతగాళ్ల రిటర్న్‌లు చకచకా వేసే మనిషికి కాంట్రాక్టర్ల టీడీఎస్ చిక్కులు తెలియాలనేం లేదు. "మీ ఆడిటర్ ఎలాంటివారు?" అని అడిగితే "మంచాయనే" అంటారు, అక్కడితో మాట ఐపోతుంది. "మీకెప్పుడైనా నోటీసు వచ్చిందా? వస్తే ఆయన ఏం చేశారు? ఫోన్ ఎత్తారా?" అని అడగండి. ఆ జవాబులో మనిషి తెలుస్తాడు.

బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసర్లకు, వ్యాపార సంఘాల వాళ్లకు కూడా ఊళ్లో ఎవరి లెక్కలు శుభ్రంగా ఉంటాయో తెలుసు. పెద్ద పెద్ద ప్రకటనలు, "గ్యారంటీ రిఫండ్" అనే ఫ్లెక్సీలు చూసి వెళ్లకండి. సీఏలు వెంటపడి పని తెచ్చుకోవడం మీద వాళ్ల చట్టంలోనే ఆంక్షలున్నాయి.

ఆన్‌లైన్‌లో అన్నీ జరుగుతున్నప్పుడు దగ్గర్లోనే ఉండాలా అనే సందేహం రావచ్చు. జీతం రిటర్న్‌కి అక్కర్లేదు. వ్యాపారానికి, భూములకు సంబంధించిన పనికి మాత్రం స్థానికంగా ఉండటం నిజంగా ఉపయోగం. బిల్లుల కట్టలు పట్టుకెళ్లి ఎదురుగా కూర్చోవచ్చు. ఏ సర్వే నంబరు మున్సిపాలిటీ హద్దులో ఉందో, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువలు ఎలా ఉన్నాయో ఆయనకు తెలిసే అవకాశం ఎక్కువ.

వెతకడానికి జూలై నెల అస్సలు పనికిరాదు. జీతం, పెన్షన్ ఉన్నవాళ్ల రిటర్న్‌లకు మామూలుగా జూలై 31 గడువు, ఆడిట్ ఉన్నవాళ్ల రిటర్న్‌లకు అక్టోబర్ 31. గడువులు ఒక్కో ఏడాది మారుతుంటాయి, 2025లో జూలై 31ని ముందు సెప్టెంబర్ 15కి, తర్వాత ఇంకో రోజుకి పొడిగించారు. కాబట్టి ఏటా పోర్టల్‌లో చూసుకోండి. ఆ రద్దీలో ఎవరూ మీ మాట తీరిగ్గా వినలేరు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్తే మార్చి 31లోపు చేయాల్సినవి చేసుకోవడానికి కూడా వీలుంటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం: స్థలమో పొలమో అమ్మాలనుకుంటే ఆడిటర్ దగ్గరికి అగ్రిమెంటు రాసుకోకముందే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ అయిపోయి డబ్బు చేతికొచ్చాక వెళ్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఎందుకో చెప్తాను. ఆ పొలం పన్ను చట్టం దృష్టిలో గ్రామీణ వ్యవసాయ భూమి అయితే మూలధన లాభాల పన్నే లేదు. అది జనాభాను బట్టి మున్సిపాలిటీ హద్దు నుంచి 2, 6 లేదా 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. ఆ దూరం రోడ్డు మీద కాదు, నేరుగా కొలవాలి. అడ్వాన్సుగా 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడే ప్రమాదం ఉంది. దస్తావేజులో రాసిన ధర ప్రభుత్వ విలువ కంటే బాగా తక్కువుంటే, పన్ను లెక్కకు ప్రభుత్వ విలువనే తీసుకుంటారు. స్థలం మీద వచ్చిన లాభాన్ని నిర్దేశించిన బాండ్లలో పెట్టి మినహాయింపు పొందాలంటే అమ్మిన 6 నెలల్లోపే పెట్టాలి, అదీ 50 లక్షల వరకే. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలమో ఇల్లో అయితే, మన దేశంలో ఉండే వ్యక్తులకు 12.5 శాతం పన్ను నయమా, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి) 20 శాతం నయమా అని రెండు రకాలుగా లెక్కవేసి చూడాలి. ఇవన్నీ అమ్మకానికి ముందు తెలిస్తే లక్షల్లో తేడా వస్తుంది. మంచి ఆడిటర్‌కి ఇచ్చే ఫీజు ఇక్కడే రాబడుతుంది.

3. అర్హత నిజమో కాదో మీరే చూసుకోండి

ఐదు నిమిషాల పని ఇది, అయినా చాలామంది మొహమాటంతో చేయరు. సీఏ అని చెప్పినవాళ్ల పేరు, సభ్యత్వ నంబరు ఐసీఏఐ వెబ్‌సైట్‌లో వెతకండి. సభ్యత్వం ఒక్కటే చాలదు, ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉండాలి. కంపెనీలో ఉద్యోగం చేసుకునే సీఏ పేరు వాడుకుని ఇంకెవరో ఆఫీసు నడపడం కూడా జరుగుతుంటుంది. అందుకే మీ ఫైలు మీద సంతకం పెట్టే మనిషిని ఒక్కసారైనా ముఖాముఖి కలవండి.

సీఏ ఇచ్చే ఆడిట్ రిపోర్టు, నెట్‌వర్త్ సర్టిఫికెట్, టర్నోవర్ సర్టిఫికెట్ లాంటి ప్రతిదాని మీదా యూడీఐఎన్ అనే 18 అక్షరాలు, అంకెల నంబరు ఉండాలి. సర్టిఫికెట్లకు ఇది 2019 ఫిబ్రవరి 1 నుంచి, ట్యాక్స్ ఆడిట్లకు అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఐసీఏఐ వాళ్ల యూడీఐఎన్ సైట్‌లో ఆ నంబరు కొడితే ఆ పత్రం నిజంగా ఆ సీఏ ఇచ్చిందో కాదో తెలిసిపోతుంది. జీఎస్టీ ప్రాక్టీషనర్ అయితే జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అవకుండానే యూజర్ సర్వీసెస్‌లో పేరు వెతకొచ్చు.

4. మొదటిసారి కలిసినప్పుడు

పాన్, ఆధార్, కిందటి రెండేళ్ల రిటర్న్‌లు, ఫారం 16 (జీతం, టీడీఎస్ వివరాలతో యజమాని ఇచ్చే సర్టిఫికెట్) ఉంటే అది, అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, లోన్ కాగితాలు పట్టుకెళ్లండి. పోర్టల్ నుంచి ఏఐఎస్, అంటే వార్షిక సమాచార స్టేట్‌మెంట్, కూడా దించుకుని వెళ్లండి. 2021 నవంబర్‌లో వచ్చిన ఈ స్టేట్‌మెంట్‌లో మీ పాన్ మీద శాఖకు చేరిన వడ్డీలు, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు, ఆస్తి కొనుగోళ్లు కనిపిస్తాయి. ఆడిటర్ దాన్ని ముందేసుకుని ప్రశ్నలు అడుగుతుంటే మీరు సరైన చోటికి వచ్చినట్టే. "ఈ ఎఫ్‌డీ వడ్డీ పోయినేడు చూపించారా?", "ఈ ఖాతా ఎవరితో ఉమ్మడిగా ఉంది?" అని విసిగించే మనిషే మీకు కావాలి. ఏమీ అడగకుండా "పాన్, ఆధార్ వాట్సాప్ చేయండి, అయిపోద్ది" అనేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీరు అడగాల్సినవి కొన్నున్నాయి. నాలాంటి క్లయింట్లు ఎంతమంది ఉన్నారు? నా ఫైలు మీరు చూస్తారా, అసిస్టెంట్లు చూస్తారా? కొత్త పన్ను విధానంలో ఎంత, పాత విధానంలో ఎంత, రెండూ లెక్కవేసి చూపిస్తారా? 2023-24 నుంచి కొత్త విధానమే దానంతటదే వర్తిస్తోంది, పాతది కావాలంటే మనమే కోరుకోవాలి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాతదాన్ని ఎంచుకుని మళ్లీ కొత్తదానికి వచ్చేస్తే, ఆ వ్యాపారం ఉన్నంతకాలం తిరిగి పాతదానికి వెళ్లలేరు. ఈ సంగతి ఆయన తనంతట తాను ప్రస్తావిస్తే మంచిదే.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది. 1961 నాటి చట్టం స్థానంలో వచ్చిన దీంట్లో సెక్షన్ల నంబర్లు మారాయి, అసెస్‌మెంట్ ఇయర్ బదులు ట్యాక్స్ ఇయర్ వచ్చింది. 2026 మార్చి 31 దాకా సంపాదించిన ఆదాయానికి మాత్రం పాత చట్టమే. "సార్, నా లెక్కలో దీనివల్ల ఏం మారుతుంది?" అని అడిగి చూడండి. నాలుగు ముక్కల్లో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆయన చదువు ఆపలేదన్నమాట. "చూసి చెప్తాను" అన్నా తప్పులేదు, చూసి చెప్తే చాలు.

ఒక ప్రశ్న మాత్రం దయచేసి అడగొద్దు: "ఎంత రిఫండ్ తెప్పిస్తారు?" ఆ ప్రశ్నకు లెక్క చూడకుండానే అంకె చెప్పేవాళ్లు, ఆ అంకె రావడానికి ఏదో ఒకటి రాసేస్తారు. నిజాయితీ ఉన్న ఆడిటర్‌ని ఆ ప్రశ్న ఇబ్బందిపెడుతుంది, లేనివాళ్లకు ద్వారం తెరుస్తుంది. "చట్టప్రకారం నాకొచ్చే మినహాయింపులు ఏమిటి, వాటికి ఏ కాగితాలు కావాలి?" అని అడగండి.

బ్యాంకు లోన్ కోసం "మూడేళ్ల ఐటీ" కావాలని వెళ్లేవాళ్లకు కూడా ఇదే మాట. లేని ఆదాయం చూపించి రిటర్న్ వేసిస్తే లోన్ వస్తుందేమో. కానీ ఆ అంకెలు శాఖ దగ్గర శాశ్వతంగా ఉండిపోతాయి, రేపు జీఎస్టీ టర్నోవర్‌తో, బ్యాంకు జమలతో పోల్చినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. బ్యాంకుకి తప్పుడు వివరాలిచ్చిన సమస్య దీనికి అదనం.

5. ఫీజు మాట ముందే తేల్చుకోండి

ఫీజు ఎంతన్నదానికన్నా అందులో ఏమేం వస్తాయన్నది అడగండి. రిటర్న్ వేయడం వరకేనా? ఈ-వెరిఫికేషన్ కూడా చూస్తారా? ఆ రిటర్న్ మీద నోటీసు వస్తే జవాబు ఈ ఫీజులోనేనా, విడిగా ఇవ్వాలా? తప్పు ఆయన వైపు నుంచి జరిగితే సవరించిన రిటర్న్ ఉచితమేనా? జీఎస్టీ ఆలస్యమైతే రోజుకింత చొప్పున పడే లేట్ ఫీజు ఎవరి తప్పుకి ఎవరు భరిస్తారు? మాట్లాడుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది. మొహమాటంగా ఉంటే ఇంటికొచ్చి "సార్, ఇవాళ మనం అనుకున్నవి ఇవి" అని వాట్సాప్‌లో రాసి పంపండి, ఆయన సరే అంటే చాలు. డబ్బు కట్టినప్పుడు రసీదు తీసుకోండి.

రిఫండ్‌లో ఇంత శాతం ఇవ్వాలని అడిగితే అక్కడితో ఆపేయండి. లాభంలో వాటా, ఫలితాన్ని బట్టి ఫీజు అనేవి సీఏలకు వాళ్ల చట్టం నిషేధించింది, నిబంధనలు అనుమతించిన కొన్ని ప్రత్యేక పనులకు మాత్రమే మినహాయింపు ఉంది. రిఫండ్ పెరిగితే తన డబ్బు పెరిగే మనిషి మీ రిటర్న్ రాయడం మీకు క్షేమం కాదు.

6. తాళాలు మీ దగ్గరే ఉండాలి

నా మట్టుకు ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. ఇప్పటికే ఆడిటర్ ఉన్నవాళ్లు కూడా ఇవాళే చేయొచ్చు.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్‌తో లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ తెలీదా? ఆధార్ ఓటీపీతో మార్చుకోవచ్చు. కుడివైపు పైన మీ పేరు మీద నొక్కి ప్రొఫైల్ తెరవండి. అక్కడ మొబైల్ నంబరు, ఈమెయిల్ కనిపిస్తాయి. అవి మీవేనా? చాలామంది ప్రొఫైళ్లలో ఆడిటర్ ఆఫీసు నంబరు, ఆఫీసు మెయిల్ ఉంటాయి. సౌకర్యం కోసమే పెట్టినా సరే, నోటీసులు, ఇంటిమేషన్లు (రిటర్న్ పరిశీలించాక శాఖ పంపే లెక్క), పాస్‌వర్డ్ మార్పు ఓటీపీలు అన్నీ అక్కడికే వెళ్తాయి. అసిస్టెంట్ మానేసినా, ఆఫీసు మూతపడినా మీకు తెలిసే దారి ఉండదు. మొదటి నంబరు, మొదటి మెయిల్ మీవి పెట్టుకుని, రెండోదిగా ఆడిటర్‌వి ఇవ్వండి. కబురు ఇద్దరికీ అందుతుంది.

తర్వాత బ్యాంకు ఖాతాల పేజీ చూడండి. మీవి కాని ఖాతాలేవీ ఉండకూడదు, రిఫండ్‌కి ఎంచుకున్న ఖాతా మీరు ఇప్పుడు వాడుతున్నదే అయ్యుండాలి. ఆతరైజ్డ్ పార్ట్‌నర్స్ అనే మెనూలో "మై చార్టర్డ్ అకౌంటెంట్" అని ఒకటుంటుంది. ఆడిట్ ఫారాల కోసం మీ సీఏని అక్కడ జతచేస్తే ఆయన తన లాగిన్‌తోనే ఆ పని చేస్తారు. రిటర్న్‌లు వేసే అనుమతి పొందిన మధ్యవర్తులను, అంటే ఈఆర్‌ఐలను, జతచేయడానికి కూడా అక్కడే వీలుంది. జీఎస్టీ పోర్టల్‌లో సైతం ప్రాక్టీషనర్‌ని మీరే నియమించుకోవచ్చు, వద్దనుకుంటే మీరే తీసేయొచ్చు.

ఇంత ఏర్పాటున్నా మన దగ్గర పాస్‌వర్డ్ చెప్పేయడమే అలవాటు. తప్పనిసరై ఇచ్చినా, ఫైలింగ్ అయ్యాక మార్చేయండి. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోకండి. డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్‌ని ఆడిటర్ సొరుగులో వదిలేయడం ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేయడమే. అది మీ బీరువాలో ఉండాలి, అవసరమైన రోజు పట్టుకెళ్లాలి.

ఆధార్ ఓటీపీ సంగతీ అంతే. "సార్, ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పండి" అని ఫోన్ వస్తే బండి మీద పోతూనే చదివేస్తాం. రిటర్న్ ఈ-వెరిఫై చేసే ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. పూర్తి రిటర్న్ చూసేదాకా ఆ ఆరంకెలు చెప్పొద్దు.

7. ఫైల్ చేసే ముందు కంప్యుటేషన్ చదవండి

కంప్యుటేషన్ అంటే మీ ఆదాయం, మినహాయింపులు, పన్ను ఎలా లెక్కేశారో చూపించే ఒకటి రెండు పేజీల కాగితం. ప్రతి ఆడిటర్ సాఫ్ట్‌వేర్‌లోంచీ అది వస్తుంది. ఫైలింగ్‌కి ముందు పీడీఎఫ్ పంపమనండి. పంపనంటే మరో ఆడిటర్‌ని చూసుకోవడమే మేలు.

చదవడం కష్టమేం కాదు. పైనుంచి మొదలుపెట్టండి. జీతం అంకె ఫారం 16తో సరిపోయిందా? బ్యాంకు వడ్డీ, మీ అన్ని ఖాతాలది కలిపి ఉందా? అద్దె వస్తుంటే అది ఉందా? తర్వాత మినహాయింపుల దగ్గర ఆగండి. ప్రతి అంకె పక్కనా వేలు పెట్టి, "దీనికి నా దగ్గర కాగితం ఉందా?" అని మిమ్మల్ని మీరే అడగండి. పార్టీకి విరాళం, చదువు లోన్ వడ్డీ, తీవ్రమైన జబ్బు ఖర్చు, ఎలక్ట్రిక్ వాహనం లోన్ వడ్డీ, ఇంటద్దె లాంటివి మీకు సంబంధం లేకుండా కనిపిస్తే అక్కడే ఆపించండి. 2025 తనిఖీల్లో బయటపడినవి సరిగ్గా ఇలాంటి క్లెయిములే. చివర్లో టీడీఎస్, ముందస్తు పన్ను అంకెలు 26ఏఎస్‌తో (మీ పాన్ మీద జమైన పన్నుల స్టేట్‌మెంట్‌తో) సరిపోయాయో చూడండి. ఏఐఎస్‌లో ఏదైనా తప్పుగా ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టమని ఆడిటర్‌కి చెప్పండి, వదిలేయొద్దు.

పాత ఏళ్లలో తప్పుడు మినహాయింపులు వెళ్లాయని ఇప్పుడు తెలిస్తే భయపడి దాచకండి. అప్‌డేటెడ్ రిటర్న్ వేసే వీలు 48 నెలల దాకా ఉంది. దానిమీద 25 నుంచి 70 శాతం వరకు అదనపు పన్ను పడుతుంది, ఎంత ముందు వేస్తే అంత తక్కువ. శాఖ విచారణ మొదలయ్యాక ఈ దారి మూసుకుపోవచ్చు.

8. ఫైల్ అయ్యాక పని అయిపోలేదు

రిటర్న్ పంపిన 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. ఆ తర్వాత చేస్తే, వెరిఫై చేసిన తేదీనే ఫైలింగ్ తేదీగా తీసుకుంటారు. గడువు దాటితే లేట్ ఫీజు పడుతుంది, అది 5,000 రూపాయల దాకా ఉంటుంది, మొత్తం ఆదాయం 5 లక్షలు మించనివాళ్లకు 1,000. అసలు వెరిఫై చేయకపోతే రిటర్న్ వేయనట్టే లెక్క. ఆడిటర్ "అయిపోయిందండీ" అన్నాక కూడా పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

రిటర్న్ పూర్తి కాపీ, అక్నాలెడ్జ్‌మెంట్, కంప్యుటేషన్, ఆడిట్ ఉంటే ఆ రిపోర్టు, ఈ నాలుగూ తీసుకుని మీ మెయిల్లో దాచుకోండి. కొన్ని వారాలకో నెలలకో ఇంటిమేషన్ వస్తుంది. దాని పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో మీ పాన్, వెంటనే పుట్టిన తేదీ. శాఖ వేసిన లెక్క, మీ లెక్క పక్కపక్కన రెండు వరుసల్లో ఉంటాయి. తేడా ఉంటే అదే రోజు ఆడిటర్‌కి పంపండి. రిటర్న్‌లో లోపం ఉందని నోటీసు వస్తే సరిదిద్దడానికి మామూలుగా ఇచ్చేది 15 రోజులే. నోటీసు నిజమైనదేనా అనే అనుమానం వస్తే పోర్టల్ మొదటి పేజీలోనే దాని మీదుండే డిన్ అనే గుర్తింపు నంబరు కొట్టి చూసుకోవచ్చు.

జీఎస్టీ ఉన్నవాళ్లకు ఇంకా సులువు. పోర్టల్‌లో లాగిన్ లేకుండానే మీ జీఎస్టీ నంబరు కొట్టి సెర్చ్ చేస్తే ఏ నెల రిటర్న్ ఏ తేదీన వెళ్లిందో పట్టికలో కనిపిస్తుంది. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1కి (అమ్మకాల వివరాల రిటర్న్) 11వ తేదీ, 3బీకి (పన్ను కట్టే రిటర్న్) 20వ తేదీ గడువు. 21న ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. మీ దగ్గర సరుకు కొనే వ్యాపారులు కూడా ఇదే పట్టిక చూసి మీతో వ్యాపారం చేయాలా వద్దా తేల్చుకుంటారు.

9. ఆడిటర్‌ని మార్చాల్సి వస్తే

ఫోన్ ఎత్తకపోయినా, కాగితాలు ఇవ్వకపోయినా, అడిగిన ప్రతిసారీ "మీకెందుకండీ, నేను చూసుకుంటాగా" అన్నా మార్చేయడమే మంచిది. ఏడాది మధ్యలో, గడువులు దగ్గర లేనప్పుడు మార్చండి. బాకీ ఉన్న ఫీజు కట్టేయండి. ఆడిట్ పని ఒక సీఏ నుంచి ఇంకో సీఏకి మారేటప్పుడు, కొత్తాయన ఒప్పుకునే ముందు పాతాయనకు రాతపూర్వకంగా తెలియజేయాలన్నది వాళ్ల నియమం. వివాదం లేని ఆడిట్ ఫీజు బాకీ ఉంటే అక్కడ చిక్కొస్తుంది.

అడిగి తీసుకోవాల్సినవి: పాత రిటర్న్‌లు, ఆడిట్ రిపోర్టులు, ట్యాలీ డేటా బ్యాకప్, తరుగుదల పట్టిక, ముందుకు తెచ్చుకుంటున్న నష్టాల వివరాలు, డిజిటల్ సంతకం టోకెన్. నష్టాల వివరాలు పోతే రాబోయే ఏళ్లలో తగ్గించుకోగలిగే పన్ను పోయినట్టే, కాబట్టి అది మర్చిపోవద్దు. అవి చేతికొచ్చాక ఆదాయపు పన్ను, జీఎస్టీ, టీడీఎస్ పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు ఒకేరోజు మార్చండి, పాత ప్రాక్టీషనర్‌ని, పాత సీఏని పోర్టల్‌లోంచి తీసేయండి.

మీ కాగితాలు ఆపేసినా, మీకు తెలియకుండా తప్పుడు రిటర్న్ వేసినా ముందు ఒక ఉత్తరమో మెయిలో రాసి తేదీతో సహా ఆధారం ఉంచుకోండి. ఆయన సీఏ అయితే ఐసీఏఐ క్రమశిక్షణ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు, అడ్వకేట్ అయితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి. ఏ అర్హతా లేని ఏజెంట్ అయితే అలా ఫిర్యాదు తీసుకునే వృత్తి సంస్థ ఏదీ ఉండదు, పోలీసుల దగ్గరికో కోర్టుకో వెళ్లాల్సి వస్తుంది.